చిన్న గేరు మాట వినకపోతే...

పాత జీపు గురించి ఆడవాళ్ళ పేజీలో ఎందుకు అనుకుంటున్నారా? నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని. జీపంటే నాయనది, దాని మంచిచెడ్డలు మేస్త్రీవి, మనం ఎక్కి కూర్చోవడమే అనుకునేదాన్ని. ఓ జూలై సాయంత్రం ఆ జీపే నన్నూ, అమ్మనూ, వెనక కూర్చున్న ఇద్దరు కూలి ఆడవాళ్ళనూ గుట్ట మీంచి కిందికి ఈడ్చుకుపోయిన తర్వాత ఆ ఆలోచన మారింది.

మదనపల్లె వైపు మాకు కొంచెం మామిడి తోట ఉంది. తోతాపురి చెట్లు. తారురోడ్డు నుంచి తోటకి వెళ్ళాలంటే ఒక వంక దాటాలి, ఒక గుట్ట ఎక్కి దిగాలి. వానొస్తే ఆ దారిలో మోటారు సైకిలు వెళ్ళదు, ఆటో రానంటుంది. నాయన ఉన్నన్నాళ్ళూ ఆ దారికి మా 1978 నాటి మహీంద్రా జీపే దిక్కు. ఆయన పోయాక తోట బాధ్యత అమ్మ మీదా, నడపడం వచ్చు గనక జీపు బాధ్యత నా మీదా పడ్డాయి.

ఆ రోజు కాయలు కోయించి తిరిగొస్తున్నాం. వంకలో మోకాలు లోతు నీళ్ళున్నాయి. దాటాం. గుట్ట ఎక్కాం. దిగేటప్పుడు నాయన నేర్పినట్టే చిన్న గేరు 'లో'లో పెట్టి, పెద్ద గేరు ఒకటో నంబరులో వేసి మెల్లగా దింపుతున్నాను. సగం దూరం వచ్చేసరికి 'టక్' మని చప్పుడు. చిన్న గేరు రాడ్డు దానంతటదే న్యూట్రల్లోకి జారింది. అంతవరకూ పట్టి ఉంచిన ఇంజను ఒక్కసారిగా వదిలేసింది. కాలి బ్రేకు తొక్కితే వంక నీళ్ళకి డ్రమ్ములు తడిసి పట్టలేదు. హ్యాండ్ బ్రేకు లాగితే అదీ పట్టలేదు. "అమ్మణ్ణీ, చేనిలోకి తిప్పు!" అని అమ్మ అరిచింది. వేరుశనగ కోసం దున్నిపెట్టిన చేను పక్కనే ఉండబట్టి బతికాం. మెత్తటి మట్టిలో చక్రాలు దిగబడి జీపు ఆగింది. ఒకామె మోచెయ్యి గీరుకుపోయింది. కాయలన్నీ చేని నిండా పడ్డాయి. ఎవరం ఏమీ మాట్లాడకుండా వాటిని ఏరుకున్నాం.

రాత్రి తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "అక్కా, దాన్ని తూకానికి అమ్మేయండి" అన్నాడు. అమ్మ మాత్రం, "జీపు పోతే తోట పోయినట్టే. నన్ను తోటకి ఎవరు తీసుకుపోతారు?" అంది. ఆ మాటకి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

ఆ పెట్టెలో ఏముంది?

గేరుబాక్సు వెనక అంటుకుని ఇంకో ఇనుప పెట్టె ఉంటుంది. దాన్నే ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. మామూలు కారులో ఇది ఉండదు. ఇంజను బలం గేరుబాక్సులోంచి ఈ పెట్టెలోకి వచ్చి, ఇక్కడ రెండు దారులుగా చీలి, ఒక షాఫ్టు గుండా వెనక చక్రాలకీ, ఇంకో షాఫ్టు గుండా ముందు చక్రాలకీ వెళుతుంది. పెద్ద గేరు రాడ్డు పక్కన కనబడే రెండు చిన్న రాడ్లు దీనివే. ఒకటి ముందు చక్రాలను కలపడానికి, విడదీయడానికి. రెండోది హై, న్యూట్రల్, లో అని మార్చడానికి. ముందు చక్రాలు కలపకుండా లో పడకుండా లోపల ఒక అడ్డు కూడా ఉంటుంది.

'లో' అంటే ఏమిటో చిన్న లెక్కలో చెబుతాను. మా జీపు సీజే-3బీ రకం. అమెరికాలో 1953లో వచ్చిన నమూనా. అక్కడ 1968లో ఆపేసినా మన దేశంలో ఇంకా ఎన్నో ఏళ్ళు తయారైంది. ఎత్తయిన బానెట్టే దీని గుర్తు. ఇంజనులో కొన్ని వాల్వులు పైకి రావడంతో దాని ఎత్తు పెరిగి, బానెట్టూ పెరిగింది. ఇందులో మూడు గేర్ల పెట్టె. ఒకటో గేరు నిష్పత్తి 2.8. ఇరుసులోని పళ్ళ నిష్పత్తి 5.38, అంటే ఎనిమిది పళ్ళ చిన్న చక్రం నలభైమూడు పళ్ళ పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. హైలో ఇంజను 15 సార్లు తిరిగితే రోడ్డు మీద చక్రం ఒకసారి తిరుగుతుంది. లోలో పెడితే ట్రాన్స్‌ఫర్ కేస్ ఇంకో 2.46 రెట్లు కలుపుతుంది. అప్పుడు ఇంజను 37 సార్లు తిరిగితేగానీ చక్రం ఒక చుట్టు తిరగదు. ఎక్కేటప్పుడు బలం, దిగేటప్పుడు పట్టు వచ్చేది ఇక్కడే. ఆ పట్టు సగం గుట్టలో జారిపోతే ఏమవుతుందో మేం చూశాం.

ఇంకో సంగతి. మా జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ఈ పెట్టె వెనక, షాఫ్టు బయటికి వచ్చే చోట చిన్న డ్రమ్ములో ఉంటుంది. ఆ చోట ఆయిల్ సీలు పాడైతే నూనె తిన్నగా బ్రేకు లైనింగు మీదికి చేరుతుంది. షెడ్డులో జీపు కింద పడే నూనె మరకను నేను రెండేళ్ళుగా ఇసుక పోసి తుడుస్తూనే ఉన్నాను. అది హ్యాండ్ బ్రేకు పోతోందని చెప్పే గుర్తు అని తెలీదు!

తలా ఒక సలహా

మొదట వెళ్ళిన షెడ్డులో, "ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే పంపించమ్మా, మాట్లాడతాం" అన్నారు. నేను కదలకపోయేసరికి, "ఫ్రంటు షాఫ్టు తీసేద్దాం, ఇక బాధ ఉండదు" అని తేల్చేశారు. వినడానికి చవకగానే ఉంది. ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. జారింది ముందు చక్రాల రాడ్డు కాదు, హై-లో రాడ్డు. ముందు షాఫ్టు తీసేసినా ఆ జబ్బు అలాగే ఉంటుంది. పైగా వంకలో దిగబడితే లాగే ముందు చక్రాలు కూడా ఉండవు. నొప్పి ఒక చోట, మందు ఇంకో చోట!

రెండో షెడ్డు కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు. "ఈ కాలపు బండి పెట్టె వేసేద్దాం మేడమ్, చప్పుడు కూడా ఉండదు" అన్నాడు. నిజమే, కొత్త రకం పెట్టెల్లో చాలావాటిలో ముందు షాఫ్టును గొలుసు తిప్పుతుంది. పైకప్పు అల్యూమినియంది. తేలిక, చప్పుడు తక్కువ. మాది పూర్తిగా పళ్ళ చక్రాలే, పైన పోత ఇనుము. బరువు, రొద రెండూ ఎక్కువే. కానీ మా ఇరుసులో డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. మా పెట్టెలోంచి షాఫ్టు కూడా అదే పక్కనుంచి వస్తుంది. మధ్యలోంచి షాఫ్టు వచ్చే పెట్టెను దీనికి తగిలిస్తే షాఫ్టు వాలుగా పడి జాయింట్లు త్వరగా అరుగుతాయి. 1985లో వచ్చిన జిప్సీలో లాగా గేరుబాక్సుకి దూరంగా విడిగా బిగించే పెట్టె తెస్తే ఛాసిస్‌కి కొత్త అడ్డకమ్మీ వెయ్యాలి, రెండు షాఫ్టులూ కొత్త కొలతకి చేయించాలి. స్పీడోమీటరు కేబులు, హ్యాండ్ బ్రేకు కూడా మా పెట్టె మీదే ఉన్నాయి గనక అవీ వేరే చూసుకోవాలి. 

ఇవన్నీ చేయించినా చట్టం అడ్డొస్తుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మనిష్టమొచ్చినట్టు మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అప్పుడు బండిని చూపించాలి కదా! 'వింటేజ్ కింద రాయించుకుంటే పోలేదా?' అని ఒకరన్నారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం బండికి యాభై ఏళ్ళు దాటాలి, అసలు రూపం చెడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బండిని ప్రదర్శనలకీ, ర్యాలీలకీ తప్ప రోజువారీ పనికి వాడకూడదు. మాకు కావలసింది తోటకి పోయే బండి, బొమ్మ కాదు.

చివరికి నాయన దగ్గరికి వస్తూండే ముసలి మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్ళాను. కంటిచూపు తగ్గి షెడ్డు మానేసి ఇంటి పట్టునే ఉంటున్నాడు. జరిగింది చెప్పాను. "పాపా, ముందు విప్పి చూడల్ల. చూడకుండా ఏది ఎయ్యాలో ఎట్ల జెప్తాం? జరమొచ్చినోడికి చెయ్యి పట్టుకోకుండా మందిస్తారా?" అన్నాడు. నాకు కావలసిన మాట అదే.

విప్పితే కనబడింది

మేస్త్రీ కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఆయన మనవడూ, నేనూ విప్పాం. ముందు అడుగున ఉన్న పళ్ళెం తీయగానే మధ్య చక్రం కనిపిస్తుంది. లోకి జరిగే చక్రం పళ్ళ చివరలు అరిగి గుండ్రంగా, వాలుగా అయిపోయాయి. వాలు పళ్ళ మీద బరువు పడితే ఒకదాన్నొకటి పక్కకి నెట్టుకుంటాయి. రాడ్డును దాని గుంటలో పట్టి ఉంచే స్ప్రింగు మెత్తబడింది. మధ్య చక్రం తిరిగే ఇరుసు మీద వేలితో తడిమితే తెలిసేంత గాడి పడింది. వెనక షాఫ్టు చేత్తో లాగితే ముందుకీ వెనక్కీ ఆడుతోంది. ఇన్ని కలిశాక రాడ్డు జారకుండా ఎలా ఉంటుంది? వెనక సీలు కూర్చునే చోట ఇనుము మీదే గాడి పడింది. "సీలు ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ కారేది ఇందుకే పాపా. ఆ ముక్క గూడ మార్చల్ల" అన్నాడు మేస్త్రీ.

పైకప్పు మాత్రం ఎక్కడా పగుల్లేదు. బేరింగులు కూర్చునే చోట్లు బాగున్నాయి. అప్పటికి లెక్క తేలింది. పెట్టె మాదే ఉంచుకోవాలి. అదే రకం ఇంకో పెట్టె కొని, రెంటిలో మంచి భాగాలు ఏరి ఒకటి చెయ్యాలి. మరీ అరిగిపోయేవి, అంటే బేరింగులు, సీళ్ళు, రోలర్లు, వాషర్లు కొత్తవే వేయాలి.

తూకానికి కాదు, కొలతకి

అదే రకం అన్నాను గానీ, చూడ్డానికి ఒక్కలా ఉండే ఈ పెట్టెల్లోనే ఎన్నో తేడాలున్నాయి. ఈ రకాన్ని స్పైసర్ 18 లేదా డానా 18 అంటారు. 1941 నాటి యుద్ధం జీపుల్లోనూ ఇదే, తర్వాతి సివిల్ జీపుల్లోనూ ఇదే. కానీ యుద్ధం జీపుల్లో లో నిష్పత్తి 1.97, తర్వాతివాటిలో 2.43, 2.46. మధ్య ఇరుసు లావు మొదట్లో ముప్పావు అంగుళం. తర్వాత 1 1/8 అంగుళాలు చేశారు. ఆ తర్వాత అంగుళంపావు చేశారు. లావైన కొద్దీ గట్టి. గేరుబాక్సు నుంచి లోపలికొచ్చే చక్రం 26 పళ్ళదీ ఉంటుంది, 29 పళ్ళదీ ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి కలవకపోయినా మోసుకొచ్చిన బరువు వృథా.

నేను చేసింది చెబితే నవ్వుతారేమో. మా చక్రాలకి స్టాంపు సిరా పూసి కాగితం మీద అచ్చు వేసుకున్నాను. పళ్ళు లెక్కపెట్టి పక్కన రాసుకున్నాను. ఇరుసు లావుకి సరిపడా అట్టముక్కలో రంధ్రం చేసుకున్నాను. ఒక వెర్నియర్ కాలిపర్స్ కూడా సంచీలో వేసుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బెంగళూరు శివాజీనగర్ వైపు పాత సామాన్ల అంగళ్ళకి వెళ్ళాను. "అమ్మేయమంటే కొనడానికి తీసుకొచ్చావా అక్కా!" అని వాడు దారంతా సణుగుతూనే ఉన్నాడు.

మొదటి అంగడిలో నల్లరంగు నిగనిగలాడుతున్న పెట్టె చూపించారు. అడుగు పళ్ళెం విప్పి చూపించమన్నాను. "గ్యారంటీ నాది, విప్పేది లేదు" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం. రెండో చోట విప్పారు. పళ్ళు బాగున్నాయి, నాకు ఆశ పుట్టింది. ఇరుసును అట్టముక్కలో పెడితే వదులుగా ఆడింది. సన్న రకం! కంటికి తెలియని తేడా, మూడు మిల్లీమీటర్లు. మూడో అంగడి యజమాని మా కాగితం అచ్చులు చూసి పనివాణ్ణి పిలిచి, "మేడమ్‌కి లోపలిది చూపించు" అన్నాడు. దుమ్ము పట్టి, ఏ రంగూ లేకుండా, మూలన పడి ఉంది. షాఫ్టు చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా తిరిగింది. పళ్ళ అంచులు పదునుగా ఉన్నాయి. ఇరుసు అట్టలో సరిగ్గా కూర్చుంది. పళ్ళు లెక్కపెట్టింది నేను కాదు, మా తమ్ముడు! రెండుసార్లు లెక్కపెట్టి, "సరిపోయింది అక్కా" అన్నాడు. ఆ తర్వాత వాడి నోటివెంట అమ్మేయమనే మాట రాలేదు. డబ్బు మాత్రం అమ్మ ఇచ్చింది, ఆ ఏటి కాయలమ్మిన దాంట్లోంచి.

బిగింపు

బిగించేటప్పుడు మధ్య చక్రం లోపల సూదుల్లాంటి రోలర్లు పేర్చాలి. గ్రీజు పూసి ఒక్కొక్కటీ అంటించి, అవి పడిపోకుండా ఇరుసును మెల్లగా తొయ్యాలి. మనవడి వేళ్ళు లావు, మేస్త్రీకి కళ్ళు ఆనవు. ఆ పని నాకొచ్చింది. రోలర్లను స్టీలు పళ్ళెంలో పోసి, ముందు లెక్కపెట్టి, తర్వాత మళ్ళీ లెక్కపెట్టాను. ఒక్కటి తగ్గినా పెట్టెలో ఎక్కడో పడి ఉన్నట్టే. వెనక షాఫ్టు ఆడకుండా పల్చటి రేకు షిమ్‌లు వేసి సరిచేశారు. మరీ వదులైతే గేరు జారుతుంది, మరీ బిగువైతే బేరింగు కాలుతుంది. చివరికి గేరుబాక్సులోనూ, దీనిలోనూ ఒకే రకం నైంటీ ఆయిలు పోశారు. రెంటి మధ్యా నూనె అటూ ఇటూ చేరుతుంది గనక వేర్వేరు నూనెలు పోయకూడదట.

మీ ఇంట్లోనూ పాత జీపు ఉంటే

- చిన్న గేరు ఒక్కసారి జారినా బండిని వాలులోకి తీసుకెళ్ళకండి. రాడ్డును చేత్తో పట్టుకునో, తాడుతో కట్టో నడపడం వైద్యం కాదు.
- షెడ్డులో నూనె మరక ఎక్కడ పడుతోందో చూడండి. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక పడుతుంటే అదే రోజు హ్యాండ్ బ్రేకు పరీక్షించండి.
- వంక దాటాక కాసేపు బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి నడిపితే డ్రమ్ములు ఆరతాయి. తర్వాతే దిగండి.
- తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి. కోలాటం వరుస మలుపు తిరిగేటప్పుడు బయటివాళ్ళు ఎక్కువ అడుగులు వేస్తారు కదా! మలుపులో ముందు చక్రాలు కూడా అంతే. ఈ పెట్టె మాత్రం ముందూ వెనకా ఒకే వేగంతో తిప్పుతుంది. బురదలో, ఇసుకలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద సర్దుకోలేక పళ్ళు, జాయింట్లు నలుగుతాయి.
- పాత పెట్టె కొంటే విప్పి చూపించమనండి. విప్పనివాడి దగ్గర కొనకండి. రంగు చూసి కాదు, పళ్ళు చూసి కొనండి.
- విప్పిన ప్రతి భాగానికీ కొలత రాసి ఉంచుకోండి. 'మగవాళ్ళను పంపించండి' అనే నోటికి ఆ కాగితమే జవాబు.

మళ్ళీ అదే గుట్ట

బండి సిద్ధమయ్యాక పరీక్ష అదే గుట్ట మీద పెట్టాం. మొదట నేనొక్కదాన్నే ఖాళీ జీపుతో దిగాను. సగం దారిలో, ఆ రోజు జారిన చోటే ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి పాదం తీశాను. మనవడు చక్రాల కింద రాళ్ళు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. జీపు కదల్లేదు. మళ్ళీ లోలో దింపాను. 'టక్' అంటుందేమోనని చెవులు అటే పెట్టాను. ఏమీ లేదు, ఇంజను రొద తప్ప. కిందికొచ్చేసరికి అరచేతులు చెమటతో తడిసిపోయాయి.

రెండోసారికి అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. వద్దంటే వినలేదు. గుట్ట పైన చిన్న గేరు నేను వేయబోతుంటే, "ఉండు, నేనేస్తా" అంది. నలభై ఏళ్ళు నాయన పక్కన కూర్చుని చూసిందే గానీ ఎప్పుడూ ముట్టుకోలేదట. క్లచ్ నేను తొక్కాను, రాడ్డు అమ్మ లాగింది. "పడింది" అన్నాను.

చేను దాటేదాకా అమ్మ దాని మీద చెయ్యి తీయలేదు.